కుక్క గుమాస్తా

మేము పడుచువాళ్ళుగా ఉన్న కాలంలో ఆర్మూరులో కుక్కలకు ఇళ్ళుండేవి కావు, గల్లీలుండేవి. ఈ కుక్క ఎవరిది అని అడిగితే ఫలానా గల్లీది అని చెప్పేవాళ్ళమే తప్ప ఫలానా వారిది అని చెప్పిన గుర్తు నాకు లేదు. అది ఎక్కడ తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, మిగతా పనులు ఎక్కడ ముగించుకుంటుంది అన్నది పూర్తిగా దాని సొంత వ్యవహారం. మనుషులు అందులో తల దూర్చడం మర్యాద అనిపించుకునేది కాదు. ఇప్పుడు మా ఇంటి పక్క వీధిలోనే ఒక పెద్ద జాతి కుక్క ఉంది. దానికి పద్ధతులు నేర్పడానికి ఒకాయన స్కూటరు మీద వస్తాడు, చేతికి గడియారం, జేబులో ఈల. ఆయన్ను చూసినప్పుడల్లా లేచి నమస్కారం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే ఆర్మూరులో ఆ ఉద్యోగం మొట్టమొదట చేసినవాణ్ణి బహుశా నేనే. కాకపోతే ఆయనకు తాను ఏ ఉద్యోగం చేస్తున్నాడో తెలుసు. నాకు చివరిదాకా తెలియలేదు.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాగా చేరాను (ఏ దఫ్తరో చెప్పను, ఆ భవనం కూలిపోయింది, ఆ శాఖ పేరు కూడా మారిపోయింది, ఇక దాని పరువు తీసి ఎవరికీ లాభం లేదు). గుమాస్తా అంటే టెంపరరీ గుమాస్తా. ఆ ముందరి మాట నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, మా అవ్వ అయితే అసలు విననే లేదు. అవ్వ మార్కెట్లో పసుపు ఏరే పనికి పోయేది. బండ్ల మీద వచ్చిన పసుపులోంచి మట్టి దులిపి, కొమ్ములు వేరు, గుండ్రటి మండ వేరు చేసి రాశి పోయాలి. పొద్దంతా ఆ పని చేసే మనిషి చేతులు ఎంత కడిగినా పచ్చగానే ఉంటాయి. మా ఇంట్లో తెల్లన్నం అనేది ఎన్నడూ లేదు, అవ్వ వడ్డిస్తే అది కూడా కొంచెం పచ్చబడేది. మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. నాకు సర్కారు కుర్చీ దొరికిన రోజున అవ్వ మార్కెట్లో పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి, ఎవరైనా వినలేదేమోనని మరునాడు మళ్ళీ చెప్పిందట.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. మొదట ఉర్దూలో మొదలైంది. సగంలో ఉండగా రాష్ట్రం మారింది, బడి మారింది, తెలుగులోకి తోశారు. మెట్రిక్ గట్టెక్కేసరికి నాకు ఉర్దూలో ఆలోచన, తెలుగులో మాట, ఇంగ్లీషులో భయం మిగిలాయి. దఫ్తరులో నాకు పెద్ద దిక్కు మున్షీ సాబ్. నిజాం కాలం నుంచీ ఉన్న హెడ్ గుమాస్తా ఆయన. ఆయన ఉర్దూలో ఒక అర్జీ రాస్తే కాగితం మీద మల్లె తీగ పాకినట్టుండేదని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడా ఉర్దూతో పని లేదు గనుక ఆ వయసులో ఆయన పలక పెట్టుకొని అ ఆ లు దిద్దుతున్నాడు. నాకు ఆయన చేసిన మొదటి ఉపదేశం ఇది: "దేఖో బేటా, నువ్వు టెంపరరీ ఆద్మీవి. పైవాళ్ళు ఏం అడిగినా తెలుసు అని చెప్పు. తెల్వదు అనేది పర్మనెంటోళ్ళ మాట."

మా ఆఫీసరుగారు కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చారు. రాష్ట్రం ఒకటైన కొత్తలో అట్లా చాలామంది వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు. సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేవారు. దఫ్తరు వెనకే వాళ్ళ క్వార్టరు. ఆయన భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, కానీ ఆమె నాకంటే నాలుగైదేళ్ళకు మించి పెద్దది కాదు. పిల్లలు లేరు. మా ఊళ్ళో ఆమెకు ఎవరి మాటా సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఒకసారి కూరగాయల మనిషి గుమ్మం ముందు గంప దించి "ఆలుగడ్డలు తీస్కుంటవా అవ్వా" అన్నదట. మా వైపు అవ్వ అంటే అమ్మ, మర్యాదకు పిలిచే పిలుపు. వాళ్ళ వైపు అవ్వ అంటే పళ్ళూడిన ముసలమ్మ. ఆమె ఆ రోజంతా అద్దం ముందు నుంచి లేవలేదని చెప్పుకున్నారు. భార్య ఒంటరితనం చూడలేక ఆఫీసరుగారు హైదరాబాదు పోయినప్పుడు ఒక కుక్కపిల్లను తెచ్చారు. ఆల్సేషియన్ అని చెప్పి ఇచ్చారట. చెవులు అప్పటికి వేలాడుతున్నాయి, కొన్నాళ్ళకు వాటంతటవే నిలబడతాయన్నారట.

నన్ను క్వార్టరుకు పిలిపించారు. వరండాలో చాయపత్తి వచ్చే పెద్ద చెక్కపెట్టె ఒకటి బోర్లించి, ముందు పక్క తడిక లాంటి తలుపు బిగించి ఉంది. లోపల నల్లటి ఉండ ఒకటి వణుకుతోంది.

"ఏమోయ్, నువ్వు ఈ ఊరివాడివే కదా. కుక్కల గురించి ఏమైనా తెలుసా?" అన్నారు ఆఫీసరుగారు.

"తెలుసు సార్" అన్నాను. ముందరి ఉపదేశం అట్లాంటిది.

అమ్మగారు విషయం వివరించారు. ఆమె దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. కుక్క అన్నది తాను పడుకునే చోటును ఎన్నటికీ పాడుచేసుకోదని అందులో ఉందట. అందుకని దాన్ని పెట్టెలో పెట్టి మూసెయ్యాలి, అప్పుడప్పుడు బయటికి తీసుకుపోవాలి, అక్కడ పని కాగానే మెచ్చుకోవాలి. ఇంతే. "వారం రోజుల్లో ఇంట్లో ఉండే పద్ధతి నేర్చేసుకుంటుంది. నువ్వు మధ్య మధ్యలో వచ్చి కాస్త తిప్పితే చాలు బాబూ. నేను ఈ వీధిలోకి వస్తే అందరూ అదోలా చూస్తారు" అన్నారు. పిల్ల పేరు డ్యూక్ అన్నారు. సాయంత్రం ఇంట్లో ఈ పేరు చెబితే అవ్వ వడ్డిస్తున్న చెయ్యి ఆపి, "గదేం పేరు బిడ్డా. దూకు అంటే దుంకుమనుడే గద. ఏడికి దుంకాలె గది?" అన్నది.

ఆ పుస్తకం రాసింది ఏ దొరో గానీ, ఆయనకు మా డ్యూక్ తో పరిచయం లేదు. మరునాడు పొద్దున్నే పోయి తలుపు తీస్తే, పెట్టెలో పరిచిన గోనె ఒక మూల పొడిగా ఉంది, ఆ మూలలో డ్యూక్ ముడుచుకొని హాయిగా నిద్రపోతోంది. మిగతా మూడు మూలలు చెప్పడానికి లేదు. అమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని "అయ్యో, మళ్ళీ చేసిందే" అన్నారు. నేను గోనె తీసి, పెట్టె కడిగి, ఎండలో పెట్టి, చేతులు కడుక్కొని, చొక్కా చేతులు కిందికి దించుకొని గుమాస్తాలాగా దఫ్తరులోకి నడిచాను. ఆ తర్వాత రోజూ అదే వరస. నాలుగు కాగితాలు ఎక్కించేసరికి క్వార్టరు కిటికీలోంచి పిలుపు వచ్చేది. మున్షీ సాబ్ తలెత్తకుండా "జావ్ బేటా, సర్కారీ కామ్ వచ్చింది" అనేవాడు.

అది నాకు చేసిన అన్యాయం ఏమిటంటే, బయట ఏమీ చేసేది కాదు. దాని మెడకు అమ్మగారు తన పాత చీర అంచు చింపి కట్టిన నీలం పట్టీ ఉండేది. దాన్ని పట్టుకొని నేను దఫ్తరు ముందు దారి పక్కన నిలబడేవాణ్ణి. అది మార్కెట్టుకు పోయే దారి. బాల్కొండ వైపు నుంచి, ముప్కాల్ వైపు నుంచి వచ్చే పసుపు బండ్లన్నీ నా ముందు నుంచే పోవాలి. డ్యూక్ వచ్చిన ప్రతి బండినీ, ప్రతి ఎద్దునూ, చక్రాలకు అంటిన గడ్డిపోచలనూ శ్రద్ధగా చూసేది. నేను గొంతుక్కూచొని "చెయ్యిరా, జల్ది చెయ్యిరా, నా బంగారం గదరా" అని బతిమాలేవాణ్ణి. చాలాసేపయ్యాక, ఇంక లేదులే అని లోపలికి తీసుకుపోయి పెట్టెలో వేసి తలుపు పెట్టీ పెట్టకముందే, ఇంతసేపూ దేనికోసం ఎదురుచూసిందో ఆ పని పెట్టెలో కానిచ్చేది. దాని లెక్కలో బయట అంటే తమాషా చూసే చోటు, పెట్టె అంటే ఆ పని చేసే చోటు. పాపం, ఎంతో స్పష్టంగా నేర్చుకుంది, తలకిందులుగా నేర్చుకుంది, అంతే.

"నువ్వు దాన్ని తొందరపెడుతున్నావేమో" అన్నారు అమ్మగారు ఒకరోజు.

"లేదమ్మా, నేనేం తొందరవెడ్తలేను. గదే నన్ను ఆగం జేస్తున్నది."

"ఆగం అంటే?"

ఎంత ఆలోచించినా నాకు వేరే మాట దొరకలేదు. "ఆగం అంటే ఆగమేనమ్మా" అన్నాను. ఆమె నన్ను, కుక్కను ఒకేసారి చూసి లోపలికి పోయారు.

ఆ దారి మీదే ఒకరోజు మా బాపు స్నేహితుడు, బాల్కొండ కాపాయన, బండి ఆపాడు. ఆయన నన్ను చూసి చాలా కాలమైంది. పసుపు బస్తాల మీద నుంచి వంగి చూశాడు.

"ఏం పోరడా, మంచిగున్నవా? ఏడనో దఫ్తర్ల కొలువు దొరికిందని మీ అవ్వ చెప్పవట్టె."

"అవు కాకా. గుమాస్తా నౌకరి."

ఆయన నా చేతిలోని నీలం పట్టీ వెంట చూపు పోనిచ్చి చివర ఉన్న డ్యూక్ దాకా వచ్చాడు. "మరి గదేంది?"

"గది... ఆఫీసరు సారుది కాకా."

"అట్లనా. అయితె కుక్కకు గుమాస్తావన్నట్టు" అన్నాడు. ఎగతాళి చేయాలని కాదు, నిజంగానే అట్లాంటి పోస్టు ఒకటి ఉంటుందేమో అనుకున్నాడు. ఆ మాట ఆ రోజు పసుపుతో పాటు మార్కెట్లో దిగింది. సాయంత్రానికి ఊరంతా తూకం వేసింది. అప్పటి నుంచి నేను కుక్క గుమాస్తానే. అవ్వ పక్కన కూర్చొని పసుపు ఏరే ఆడవాళ్ళు ఆమెను "నీ కొడుకు ఇయ్యాల ఎన్నిసార్లు తిప్పిండే" అని అడిగేవాళ్ళు. అవ్వ ఇంటికి వచ్చి నాతో ఒక్క మాటే అంది. "నీ కుర్చి నీకున్నది గద?" ఉందని చెప్పాను. కుర్చీ ఉంది, నేనే అందులో లేను.

ఎందుకు ఒప్పుకున్నావు అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఆ రోజుల్లో ఆ దఫ్తరుకు ఒక పర్మనెంటు గుమాస్తా పోస్టు మంజూరు కాబోతోందని మాట వినిపిస్తోంది. ఆ కుర్చీలో అప్పటికే పని చేస్తున్నవాణ్ణి నేను. ఆఫీసరు ఒక మాట రాస్తే అది నాది. రాయకపోతే పసుపు బస్తాలు నాకోసం మార్కెట్లో ఎదురుచూస్తున్నాయి. ఆఫీసరుగారు కూడా, అడగకపోయినా, రెండు మూడుసార్లు "చూద్దాంలే, నిన్ను మరచిపోను" అన్నారు. ఆ మాటల మీద ఒక మనిషి ఎన్ని పెట్టెలు కడగగలడో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పెట్టె వాసన పోవడానికి ఎన్నో చేశాం. ఫినాయిలు వేశాం, నిమ్మకాయ రుద్దాం, వేపాకు పరిచాం. చివరికి అవ్వ మార్కెట్లో కింద రాలిన పసుపు పొడి ఒక మూట కట్టి ఇచ్చి, "గిది సల్లు. పురుగు వుండదు, వాసన వుండదు" అన్నది. చల్లాను. అవ్వ ఇచ్చిందంతా చల్లాను. నేను చల్లిన రోజే నిజామాబాదు నుంచి పెద్ద ఆఫీసరు జీపులో వస్తున్నాడని నాకు ఎవరూ చెప్పలేదు (టెంపరరీ వాళ్ళకు చెప్పరు). మా ఆఫీసరుగారు తెల్లటి ప్యాంటు, తెల్లటి చొక్కా వేసుకొని క్వార్టరు ముందు జీపు దగ్గరికి ఎదురు వెళ్ళారు. తడిక తలుపు సరిగ్గా పడలేదో ఏమో, పెట్టెలోంచి నిలువెల్లా పసుపు పూసుకొని, నలుగు పెట్టిన పెండ్లికొడుకులాగా డ్యూక్ బయటికి వచ్చింది. ఒక్క పరుగున వచ్చి తన యజమాని రెండు కాళ్ళనూ ప్రేమగా చుట్టేసుకుంది. ఆ ప్రేమలోనే, నెలరోజులుగా నేను దారి పక్కన కూచొని బతిమాలిన పని, ఆరుబయట, అందరి ముందూ, ఆయన బూటు మీద చేసింది.

పెద్ద ఆఫీసరు పగలబడి నవ్వాడు. "పసుపు ఊరనిపించారండీ" అన్నాడు. మా ఆఫీసరుగారు కూడా నవ్వారు, పైవాడు నవ్వినంతసేపూ సరిగ్గా నవ్వారు. జీపు వెళ్ళిపోయాక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. తర్వాత నాకేసి చూడకుండానే, "ఆ దరిద్రాన్ని సాయంత్రానికల్లా ఎవరికైనా ఇచ్చేసి రా" అన్నారు.

నేను పెట్టె దగ్గరికి పోతే అమ్మగారు వరండా మెట్టు మీద కూర్చొని ఉన్నారు. డ్యూక్ ఆమె ఒడిలో ఉంది, చీరంతా పచ్చగా అయింది. ఆమె ఏడుస్తున్నారు. అంతవరకూ నేను ఆమెను ముక్కు మూసుకోకుండా చూడలేదు. "దీన్ని కూడా పంపించేస్తే నేను ఈ ఊళ్ళో ఎవరితో మాట్లాడాలి బాబూ" అన్నారు. "ఆయన పొద్దున వెళ్తే సాయంత్రం. వచ్చినా ఫైళ్ళే. మీరంతా మాట్లాడుతుంటే నాకేమో కోపంగా మాట్లాడుతున్నట్టుంటుంది."

"కోపం కాదమ్మా. మా మాటనే గట్లుంటది" అన్నాను.

"మరి దీనికి కూడా నా మీద కోపమేనా?"

ఇంకొంచెం చూద్దాం, సారుకు చెప్పండి, నేను నేర్పుతానని మాత్రం అన్నాను. అది ఉద్యోగం కోసమే అన్నానా అంటే, ఆ పూట కాదు.

ఆమె ఏం చెప్పారో గానీ, ఆఫీసరుగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత జరిగింది నా గొప్ప కాదు. పెట్టె కడిగి దారి పక్కన ఎండకు పెట్టాను. ఒక పసుపు బండి ఎద్దులు దేనికో బెదిరి వెనక్కి నెట్టాయి, చక్రం పెట్టె మీదికెక్కి సగం నుజ్జయింది. కొత్త పెట్టెకు అడిగే ధైర్యం నాకు లేదు. మిగిలిన పలకలతో సగం పెట్టె కట్టి మేకులు కొట్టాను. దాంట్లో డ్యూక్ తిరిగి పడుకోవడానికి చోటు ఉంది, అంతే. అంత ఇరుకులో దాన్ని ఎక్కువసేపు ఉంచడానికి అమ్మగారికి మనసు రాలేదు. పాలు తాగగానే ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి తలుపు తీయమనేవారు. నేను తీసి "బయిటికి నడువ్రా" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒకరోజు నేను కాగితాలు రాసుకుంటుంటే వరండాలోంచి సన్నటి మూలుగు వినిపించింది. పోయి చూస్తే డ్యూక్ తడిక మీద కాలు వేసి నన్నే చూస్తోంది. తలుపు తీసి ఆ మాట అన్నాను. నడుచుకుంటూ దారి దాకా పోయి, పని కానిచ్చుకొని, తిరిగి వచ్చి పెట్టెలో పడుకుంది. గోనె పొడిగా ఉంది. నేను ఆ గోనె ముట్టుకొని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. నా జీవితంలో పరీక్ష ప్యాసైనప్పుడు కూడా అంత సంబరపడలేదు.

ఇది ఎవరి వల్ల అయిందో తేలలేదు. అమ్మగారు పుస్తకం వల్ల అన్నారు. ఆఫీసరుగారు తాను ఆ రోజు గట్టిగా చెప్పబట్టే అన్నారు. అవ్వ తన పసుపు వల్ల అన్నది. మున్షీ సాబ్ తాను కట్టిన తాయెత్తు వల్ల అన్నాడు (ఎప్పుడు కట్టాడో నేను చూడలేదు). నాకైతే బెదిరిన ఎద్దుల మీదే అనుమానం.

ఆ సంతోషంలో ఉండగానే అమ్మగారి తమ్ముడు వచ్చాడు. నా ఈడువాడే. నవ్వు ముఖం, నూనె రాసి దువ్విన క్రాపు. అక్కను చూసిపోవడానికి వచ్చానన్నాడు. అతని ముందు అమ్మగారు డ్యూక్ గొప్పతనం చూపించాలనుకున్నారు. "డ్యూక్, బయటికి పద నాన్నా" అన్నారు. అది కదలలేదు. "వెళ్ళు, బయటికి వెళ్ళు" అన్నారు. తోక ఆడించింది. ఇంగ్లీషులో కూడా చెప్పారు. చివరికి అలవాటుగా, ఆమె నోటి నుంచే, అచ్చం నా యాసలో "బయిటికి నడువ్రా" అని వచ్చేసింది. డ్యూక్ లేచి బుద్ధిగా బయటికి నడిచింది.

తమ్ముడు నవ్వీ నవ్వీ స్తంభం పట్టుకున్నాడు. "అక్కా, నీ భాష ఏమైపోయిందే. అమ్మ వింటే గుండె ఆగిపోతుంది" అన్నాడు. అమ్మగారి ముఖం కందిపోయింది. అక్కడ పక్కనే నిలబడి, దాని ఘనకార్యానికి కాస్త మెచ్చుకోలు దొరుకుతుందేమోనని చూస్తున్న నా వైపు తిరిగారు. "అంతా నీ మూలంగానే. కుక్కకు కూడా మీ భాష అంటించావు" అన్నారు.

అంటించడం అన్న మాట మా దగ్గర గజ్జికి వాడతాం. నేను తల వంచుకొని దఫ్తరులోకి పోయాను. మున్షీ సాబ్ పలక మీద ఏదో అక్షరం దిద్దుతూ నా ముఖం చూసి, పలక పక్కన పెట్టి, చాయ్ తెప్పించాడు.

తమ్ముడు వెళ్ళిపోలేదు. పోస్టు మంజూరయింది. ఆ సంగతి నాకు చెప్పే పని కూడా మున్షీ సాబ్ మీదే పడింది. "బేటా, ఆర్డర్ వచ్చింది" అని, నేను లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి, "నీది కాదు" అన్నాడు. ఈ ప్రాంతం వాళ్ళకే ఇవ్వాల్సిన ఆ కొలువుకు, ఈ ప్రాంతం వాడేనని తమ్ముడికి కాగితం ఎట్లా పుట్టిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన చెయ్యి మాత్రం చాలాసేపు నా భుజం మీదే ఉంది.

ఆఫీసరుగారు నన్ను పిలిచారు. కళ్ళజోడు అప్పటికే చేతిలో ఉంది.

"చూడు బాబూ, నీ రాతలో ఉర్దూ వాసన ఎక్కువ. పైవాళ్ళు ఒప్పుకోరు. నేనేం చేసేది. అయినా నువ్వు వెళ్ళిపోనక్కర్లేదు. అటెండరుగా ఉండు. ఇంట్లో కూడా కాస్త సాయంగా ఉంటావు. డ్యూక్ నీకు బాగా అలవాటైంది."

ఎన్నో అనాలనుకున్నాను. ఉర్దూలో చాలా బాగా వచ్చాయి లోపల. బయటికి మాత్రం, "కుక్కకు నేర్పుడైపోయింది సార్. ఇంక నేనుండి ఏం జెయ్యాలె" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

నేరుగా ఇంటికి పోవాలనే అనుకున్నాను. క్వార్టరు పక్క నుంచి పోతుంటే వరండాలోంచి మూలుగు వినిపించింది. డ్యూక్ తడిక మీద కాలు వేసి నిలబడింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. పోయి తలుపు తీశాను. మాట చెప్పాను. దానితో దారి దాకా నడిచి, అది పని ముగించుకునేదాకా, ఉద్యోగం పోయిన మనిషిని, ఆ పసుపు బండ్ల ముందు ఎప్పటిలాగే నిలబడ్డాను. ఒక బండతను "ఏం గుమాస్తా సాబ్, ఇయ్యాల గూడ డ్యూటేనా" అని పలకరించాడు. అవునన్నాను. తిరిగి తెచ్చి పెట్టెలో వేస్తుంటే అమ్మగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "నేను నీ గురించే చెప్పాను బాబూ. మా అమ్మ పోరు పెట్టింది. తమ్ముడు కదా" అన్నారు. మళ్ళీ ఆమే, "భోంచేసి వెళ్ళు" అన్నారు. ఆకలి లేదన్నాను. నిజానికి బాగా ఆకలిగా ఉంది.

అవ్వ ఏడవలేదు. "కొన్నొద్దులు కుర్చీల కూసుంటివి గద బిడ్డా. సాలు తియ్యి" అని అన్నం పెట్టింది. మరునాడు తానే మార్కెట్లో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి సేటు దగ్గరికి పోయి నన్ను పనిలో పెట్టింది. అక్కడ నా ఉర్దూ వాసన ఎవరికీ రాలేదు, పసుపు వాసనే అంత గట్టిది. ఆ మార్కెట్లోనే నేను ముసలివాణ్ణయ్యాను. ఆఫీసరుగారికి తొందరలోనే బదిలీ అయింది. అప్పటికి డ్యూక్ బాగా పెరిగింది. చెవులు మాత్రం నిలబడలేదు, ముఖం మా గల్లీ కుక్కల ముఖమే తేలింది. అంత దూరం రైల్లో దాన్ని తీసుకుపోవడం కుదరదన్నారు. ఎవరు వదిలారో తెలియదు, ఒకనాడు మార్కెట్టు ముందర ప్రత్యక్షమైంది. నీలం పట్టీ అంచు ఇంకా మెడకు ఉంది. చుట్టూ గోడ కూడా లేని అంత పెద్ద ఆవరణలో, మిగతా కుక్కలన్నీ ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే, అది మాత్రం అవసరం వచ్చినప్పుడల్లా నా ముందుకొచ్చి కూర్చొని మూలిగేది. నేను తూకం ఆపి, పొమ్మని చెప్పాలి. చెబితేనే పోయేది. అవ్వ దానికి రోజూ తన జొన్న గటకలోంచి ఇంత పెట్టి, "నీకు నేర్పకున్నా బాగుండు" అని దానితో చెప్పేది.

చాలా ఏళ్ళ తర్వాత, నా మోకాళ్ళు మొండికేసిన వయసులో, నిజామాబాదు బస్టాండులో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. "అన్నా, గుర్తువట్టినవా?" అన్నాడు. క్రాపు లేదు, నవ్వు ముఖం మాత్రం అదే. అమ్మగారి తమ్ముడు. మా జిల్లాలోనే ఉండిపోయాడట, పెద్ద కుర్చీల దాకా పోయి రిటైరయ్యాడట. "పిల్లలు ఈడనే పుట్టిండ్రు, ఈడనే సదువుకున్నరు. మా ఊరికి వోతే నా మాట ఇని అందరు నవ్వుతరన్నా" అన్నాడు. అక్క గురించి అడిగాను. బాగానే ఉందన్నాడు. తర్వాత నేల చూస్తూ, "గా నౌకరి నీకు రావాల్సింది గద. నాకు అప్పుడు తెల్వది. తర్వాత మున్షీ సాబ్ చెప్పిండు" అన్నాడు.

"అవును" అన్నాను. పోనీలే, పాత సంగతులు అనొచ్చు. పెద్దమనుషులు అట్లాగే అంటారు. నేను అనలేదు.

ఇంతలో మేమిద్దరం ఎక్కాల్సిన ఆర్మూరు బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. అతను ఆ వయసులో కూడా పరుగెత్తి కిటికీలోంచి తన తువాలు విసిరి ఒక సీటు పట్టాడు. ఎక్కాక చూస్తే ఒక్కటే. "కూసో అన్నా" అన్నాడు. కూర్చున్నాను. అతను పైన కడ్డీ పట్టుకొని నా పక్కనే నిలబడ్డాడు. నా అవతల కూర్చున్నది బక్కపలచటి మనిషి, కాస్త జరగమంటే జరిగేవాడు, ముగ్గురం సర్దుకునేవాళ్ళం. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దారి నిండా గుంతలు. మా ఊరి సిద్ధులగుట్ట రాళ్ళు కనిపించేదాకా నేను కిటికీలోంచి పసుపు చేలను చూస్తూ, కాళ్ళు చాపుకొని, జీవితంలో ఎన్నడూ కూర్చోనంత తీరుబాటుగా కూర్చున్నాను. అంత చిన్నదానికి అంత తృప్తిపడ్డ ఆ ముసలివాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. దిగేటప్పుడు అతను ముందు దిగి, నా సంచి అందుకొని, చెయ్యి చాపాడు. పట్టుకోనిచ్చాను.